కథానాయకుడు కాని మహానటుడు: ఎస్. వి. రంగారావు

గడచిన విద్యాసంవత్సరమున మా పాఠశాల వార్షికోత్సవమునకు విరాటపర్వ కథను నాటికగా ప్రదర్శింపదలచి, విద్యార్థులకు పాత్రలు పంచితిమి. అర్జునుని వేషము కావలెనని పదునొకండుగురు బాలురు చేతులెత్తిరి. ద్రౌపది వేషమునకు నలుగురు బాలికలు పోటీపడిరి. విరాటరాజు వేషమునకు మాత్రము ఒక్క చేయియు లేవలేదు. తుదకు తొమ్మిదవ తరగతి బాలుడొకనిని మేమే ఎన్నుకొంటిమి. మరునాటి ఉదయము ఆ బాలుని తండ్రి బడికి వచ్చి, "మా పిల్లోనికి చిన్న వేషమే ఇచ్చినారే సార్, వాడేమన్నా తక్కువోడా?" అని అడిగెను. ఆ మాటలో కోపము కంటె నొచ్చుకొన్న మనస్సే ఎక్కువగా కనబడినది.

"మీరు మాయాబజారు చూసినారా?" అని మేము ప్రశ్నించితిమి.

"చూడకుండా ఎట్లుంటాం సార్!"

"అందులో మీకు మొదట గుర్తొచ్చేది ఎవరు?"

ఆయన ఒక్క క్షణమాలోచించి నవ్వుచు, "ఘటోత్కచుడే" అనెను. కథను బట్టి చూచినచో ఆ చిత్రమునకు నాయకుడు అభిమన్యుడు, పెండ్లి అతనిది. కథను నడిపించువాడు శ్రీకృష్ణుడు. అయినను ఆ తండ్రి వారిరువురి పేర్లను చెప్పక ఘటోత్కచుని పేరే చెప్పెను. ఆ వేషమును ధరించిన నటుడు ఎస్. వి. రంగారావుగారు. ఆనాడు ఆ తండ్రికి మేము నాలుగు మాటలలో చెప్పిన సమాధానమునే ఇచ్చట మన విద్యార్థుల కొరకును, వారి తల్లిదండ్రుల కొరకును కొంచెము విస్తరించి వ్రాయుచున్నాము.

ఏ కథయందైనను నాయికానాయకులు ఒకరిద్దరే యుందురు. వారి చుట్టును తండ్రి, తాత, అన్న, జమీందారు, సేవకుడు, శత్రువు, మాంత్రికుడు మొదలగువారు పలువురు నిలిచి కథను మోయుదురు. అట్టి పాత్రలను ధరించుటయందు ఆరితేరిన వారిని చలనచిత్ర రంగమున క్యారెక్టర్ నటులని వ్యవహరింతురు. నాయక పాత్రధారి సాధారణముగా ఏ చిత్రములో చూచినను తాను తానుగానే కనబడును. ప్రజలును ఆయనను చూచుటకే వత్తురు. క్యారెక్టర్ నటుని పని వేరు. ఈ చిత్రములో రాక్షసుడైనవాడు వచ్చు చిత్రములో వృద్ధుడైన తండ్రి కావలెను. ఆ పై చిత్రములో పల్లెటూరి రౌడీ కావలెను. ప్రతి పర్యాయమును తన్ను తాను దాచుకొని పాత్రను ముందుకు త్రోయుటయే అతని విద్య.

ఈ విద్యకు తగిన గుర్తింపు అన్ని దేశములలోను ఆలస్యముగానే వచ్చినది. అమెరికా దేశమున ఆస్కారు పురస్కారములు ఆరంభమైనప్పుడు సహాయనటులకు ప్రత్యేక విభాగము లేదు. 1936వ సంవత్సరపు చిత్రములతో ఆ విభాగమును చేర్చిరి. ఆ తొలి పురస్కారమునందిన వాల్టర్ బ్రెన్నన్ అను నటుడు 1938, 1940 సంవత్సరముల చిత్రములకు గూడ దానినే పొంది, మొత్తము మూడు పర్యాయములు గెలిచెను. ఈయన నలువదేండ్ల ప్రాయమునందే ముదుసలి వేషములకు పేరుగాంచినవాడు. మన రంగారావుగారి జీవితమును చదువునపుడు ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనవలెను. ఏలయన వారును యౌవనమునందే తండ్రి వేషములు కట్టినవారు.

రంగారావుగారి పూర్తి పేరు సామర్ల వెంకట రంగారావు. వారు 1918 జూలై 3వ తేదీన నాటి కృష్ణాజిల్లాలోని నూజివీడులో జన్మించిరి. తండ్రిగారు ఎక్సైజు శాఖలో ఉద్యోగి. బాల్యమున మదరాసులోని హిందూ హైస్కూలులో చదువుచుండగా వారు పాఠశాల నాటకములలో తొలిసారి ముఖమునకు రంగు వేసికొనిరి. తమిళము వాడుకలోనున్న నగరమున ఒక తెలుగు బాలుడు చదువుకొనుచు, ఇంట ఒక భాషను, వీధిలో మరియొక భాషను వినుచు పెరిగెను. ఇట్టి జీవితము మన పావగడ తాలూకా విద్యార్థులకు క్రొత్త కాదు. ఇంట తెలుగు, కచేరీలో కన్నడము, సంతలో రెండును కలిసిన మాట, ఇదియే మన నిత్యవ్యవహారము. ఆ బాలునికి రెండవ భాష భారమైనదో, బలమైనదో ముందు చూతము.

తరువాత వారు కాకినాడలో కళాశాల విద్య నభ్యసించి బి.యస్సీ. పట్టభద్రులైరి. కాకినాడలో యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ అను నాటక సంఘము ఉండెడిది. పిమ్మట ప్రసిద్ధ నటీమణియైన అంజలీదేవి, సంగీత దర్శకుడైన ఆదినారాయణరావు మొదలగువారు ఆ సంఘమునుండి వచ్చినవారే. రంగారావుగారును అచ్చట పలు నాటకములలో పాల్గొని పేరు తెచ్చుకొనిరి. అయినను నాటకము కడుపు నింపునది కాదు. కావున వారు అగ్నిమాపక శాఖలో అధికారిగా ఉద్యోగమున చేరిరి. పగలు ఉద్యోగము, రాత్రి నాటకము. మన ప్రాంతపు పల్లెలలో పగలంతయు చేనిలో పాటుపడి రాత్రివేళ పౌరాణిక నాటకమునకు పద్యములు వల్లెవేయు పెద్దలను చూచినవారికి ఈ జీవితము సులభముగా బోధపడును.

చలనచిత్రములలో వారి తొలి అడుగు నాయక పాత్రతోనే పడినదను విషయము నేడు చాలమందికి తెలియదు. అల్లసాని పెద్దన మనుచరిత్రములోని కథను గైకొని, బి. వి. రామానందంగారు 'వరూధిని' అను చిత్రమును నిర్మించిరి. అది 1947లో విడుదలయ్యెను. అందు ప్రవరుడు రంగారావుగారే. చిత్రము ప్రజాదరణ పొందలేదు. అంతకు ముందే ఉద్యోగమును విడిచి వచ్చిన వారికి ఆ తరువాత అవకాశములు లభింపలేదు. నాయకుడు కాదలచిన యువకుడు జంషెడ్‌పూరునకు పోయి టాటా సంస్థలో ఉద్యోగమున చేరెను. అప్పటికి వారికి ముప్పదియేండ్లు నిండవచ్చినవి.

ఇచ్చట మనము కొంచెమాగవలెను. ఆ మనిషి అంతటితో చిత్రసీమను మరచిపోయి లెక్కల పుస్తకములతో జీవితమును గడిపియున్నచో మనకేమియు తెలిసెడిది కాదు. కాని మదరాసునుండి మరల పిలుపు వచ్చినప్పుడు వారు, "నేను నాయక వేషమే వేయుదును" అని పట్టుబట్టలేదు. వచ్చిన చిన్న పాత్రలను స్వీకరించిరి. 1949లో వచ్చిన 'మనదేశం' చిత్రమునను, 1950లో వచ్చిన 'పల్లెటూరి పిల్ల' చిత్రమునను నటించిరి. అదే 1950లో నాగిరెడ్డి, చక్రపాణిగారలు తమ విజయా సంస్థ పక్షమున నిర్మించిన తొలి చిత్రము 'షావుకారు'లో సున్నం రంగడు అను రౌడీ పాత్రను వారికిచ్చిరి. దర్శకుడు ఎల్. వి. ప్రసాద్. పట్టభద్రుడు, ఆంగ్లము చక్కగా తెలిసినవాడు, పల్లెటూరి రౌడీగా తెరపై నిలిచినపుడు అతనిలో చదువుకొన్నవాని జాడయే కనబడలేదు. ఆ పాత్రతోనే వారికి త్రోవ ఏర్పడినది.

మరుసటి సంవత్సరము, అనగా 1951లో, 'పాతాళభైరవి' విడుదలయ్యెను. ఆ చిత్రమునకు దర్శకుడైన కె. వి. రెడ్డిగారు మనకు పొరుగున నున్న అనంతపురము సీమవారు, తాడిపత్రి ప్రాంతమువారు. అందు నేపాళ మాంత్రికుని వేషము రంగారావుగారిది. దేవతకు బలియిచ్చుటకు సాహసవంతుడగు యువకుడొకడు కావలెనని వెదకుచు వచ్చి, తోటమాలి కొడుకును మాయమాటలతో వెంటగొనిపోవు క్రూరుడు ఆ మాంత్రికుడు. పొడవైన గడ్డము, సన్నని చూపు, ఈలవలె సాగదీసిన మాట. సంభాషణములు వ్రాసిన పింగళి నాగేంద్రరావుగారు ఆ పాత్రకు 'డింభకా' అను పిలుపును ప్రసాదించిరి. డింభకుడనగా బాలుడని అర్థము. ఇది సంస్కృత పదము. నిఘంటువులో నిదురించుచున్న ఆ మాట రంగారావుగారి నోట పడిన తరువాత తెలుగునాట పశువులు కాచు పిల్లల నోటికి గూడ ఎక్కినది. ఆ పాత్ర ధరించునాటికి వారి వయస్సు ముప్పదిరెండు సంవత్సరములు మాత్రమే.

వయస్సును గూర్చి మరికొంత చెప్పవలసియున్నది. 1953లో వచ్చిన 'దేవదాసు' చిత్రమున రంగారావుగారు దేవదాసు తండ్రియగు జమీందారు. కొడుకుగా నటించిన అక్కినేని నాగేశ్వరరావుగారు 1924లో జన్మించినవారు. తండ్రికిని కొడుకునకును నడుమ ఆరేండ్ల అంతరమే. నందమూరి తారకరామారావుగారు 1923లో జన్మించిరి. వారికంటె రంగారావుగారు అయిదేండ్లే పెద్ద. అయినను పలు చిత్రములలో ఆయనకు తండ్రివంటి పెద్దగా నిలిచిరి. ముప్పదియైదేండ్ల మనిషి అరువదేండ్ల వానిగా నమ్మింపవలెనన్నచో తెల్లని మీసము చాలదు. కుర్చీలో కూర్చుండు తీరు మారవలెను. లేచునపుడు చేయి మోకాలిపై పడవలెను. మాట వెలువడుటకు ముందు ఊపిరి వినబడవలెను. ఇవన్నియు వారు ఇండ్లలోని పెద్దలను చూచి నేర్చినవియే గాని పుస్తకములలో చదివినవి కావు.

ఒకే మనిషి ఎన్ని విధములుగా మారగలడో తెలిసికొనుటకు 1955వ సంవత్సరమునొక్క దానిని తీసికొన్నను చాలును. ఆ యేడు వచ్చిన 'మిస్సమ్మ'లో వారు అప్పాపురము జమీందారు. గ్రామమున పాఠశాలను నడపుచు, భార్యాభర్తలైన ఉపాధ్యాయులే కావలెనని పత్రికలో ప్రకటించు ఆ గృహస్థుడు ఎంత అమాయకుడో అంత దయాళువు. అదే యేడు బి. యన్. రెడ్డిగారి 'బంగారుపాప'లో వారు కోటయ్య. ఈ కథకు మూలము జార్జి ఇలియట్ అను ఆంగ్ల రచయిత్రి వ్రాసిన 'సైలాస్ మార్నర్' అను నవల. లోకముపై పగతో రగులుచున్న మొరటువాడు ఒక పసిపాపను చేరదీసి, ఆ పాప పెరుగుచుండగా తానును మనిషిగా మారుట అందలి కథ. కోటయ్య నోట మాటలు తక్కువ. కఠినమైన ముఖము ఒక పసిదాని చేయి తగిలి మెత్తబడుట ప్రేక్షకుడు కన్నులార చూచును. చిత్రములో ఇతర యువతీయువకుల ప్రణయకథ యున్నను, ఆ చిత్రము కోటయ్యదియే అని నేటికిని చెప్పుకొందురు.

ఇక 1957 మార్చి 27వ తేదీన విడుదలైన 'మాయాబజారు' సంగతి. దర్శకుడు కె. వి. రెడ్డిగారు, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే. కథ అంతయు పాండవుల పక్షమైనను పాండవులు తెరపై కనబడరు. ఆ లోటు తెలియకుండ చేసినవారిలో ఘటోత్కచుడు ముఖ్యుడు. రాక్షసుడన్నచో భయము పుట్టవలెను. ఈ రాక్షసునికి తల్లియనిన భక్తి, తమ్ముడనిన ప్రేమ, భోజనమనిన సంతోషము. గద భుజమున వేసికొని మీసము దువ్వుచు నడచుచున్నప్పుడు ఆయన దేహమంతయు నవ్వుచున్నట్లుండును. భోజన సన్నివేశమున పాడిన గొంతు మాధవపెద్ది సత్యంగారిది. కాని ఆ గొంతును, ఆ దేహమును వేరుచేసి ఊహించుట మనకు శక్యము కాదు.

ఆ చిత్రములో మరియొక విశేషము కలదు. ఘటోత్కచుడు మాయచేత శశిరేఖ రూపము ధరించును. అప్పుడు తెరపై నున్నది సావిత్రిగారు. ఆమె సుకుమారియైన శశిరేఖగా నుండి, మరుక్షణమున ఘటోత్కచుని నడక నడచి, ఆయనవలె కన్నులెగురవేసినప్పుడు మనము ఫక్కున నవ్వుదుము. సావిత్రిగారి ప్రతిభను ఎంత కొనియాడినను తక్కువయే. అయితే ఆ హాస్యము పండుటకు ముందే రంగారావుగారు ఆ పాత్రకు ఒక నడకను, ఒక చూపును, ఒక నిలువును స్థిరముగా ఏర్పరచి యుంచిరి. చూచిన వెంటనే ఇది ఘటోత్కచుని నడకయే యని ప్రేక్షకుడు గుర్తించుటచేతనే ఆ మాయ సాధ్యమైనది. ఒకరి శ్రమ మరియొకరి శోభకు ఆధారమగుట అన్నచో ఇదియే.

భాషను బోధించు మాకు ఆ చిత్రమున మిక్కిలి ఇష్టమైన సన్నివేశము వేరొకటి యున్నది. ఘటోత్కచుని అనుచరులు మాటలను తప్పుగ పలుకుచు 'అసమదీయులు' వంటి క్రొత్త మాటలను పుట్టింతురు. ఘటోత్కచుడు కోపపడక, ఎవరో ఒకరు పుట్టింపనిచో మాటలెట్లు పుట్టునని భావించి, వానిని మెచ్చుకొని బహుమానమిప్పించును. సరిహద్దు ప్రాంతమున కన్నడము కలిసిన తెలుగు మాటలాడు మన పిల్లలు, "మాది మంచి తెలుగు కాదేమో" అని సిగ్గుపడుచుండగా మేము పలుమారులు చూచితిమి. వారికి ఈ సన్నివేశమును చెప్పుచుందుము. పరీక్షాపత్రమున శుద్ధముగ వ్రాయుట నేర్చుకొనుడు. కాని ఇంట మీ అవ్వ పలుకు మాటను చూచి ఎన్నడును తలవంపకుడు.

క్రూర పాత్రలలో వారి విద్యకు శిఖరము కీచకుడు. 1963లో కమలాకర కామేశ్వరరావుగారి దర్శకత్వమున వెలువడిన 'నర్తనశాల' మనము తరగతిలో చదువుకొనెడి విరాటపర్వ కథయే. తారకరామారావుగారు బృహన్నల, సావిత్రిగారు సైరంధ్రి. భీముని వేషమును ప్రసిద్ధ బరువులెత్తు క్రీడాకారుడగు దండమూడి రాజగోపాలరావుగారు ధరించిరి. కీచకునిగా రంగారావుగారు గర్జించి భయపెట్టలేదు. మదించిన ఏనుగువలె మెల్లగా నడచిరి. తనకు లభింపనిది లోకమున లేదను అహంకారమును కనురెప్పల బరువులోనే చూపిరి. ప్రేక్షకుడు ఆయనను అసహ్యించుకొనును. అసహ్యించుకొనుచునే చూపు మరల్చుకొనలేడు. 1964లో ఇండోనేషియా రాజధానియగు జకార్తాలో జరిగిన ఆఫ్రో ఆసియా చలనచిత్రోత్సవమున ఈ పాత్రకుగాను వారికి ఉత్తమ నటుడను పురస్కారము లభించినది. గమనింపుడు: అది సహాయనటునికిచ్చు పురస్కారము కాదు. కీచకుడు కథానాయకుడు కాడు. కథ నడుమనే హతుడగును. అయినను పరదేశపు న్యాయనిర్ణేతలు ఆయననే ఉత్తమ నటునిగా ఎన్నుకొనిరి.

అదే 1964లో వచ్చిన 'బొబ్బిలి యుద్ధం'లో వారు తాండ్ర పాపారాయుడు. 1967లో వచ్చిన 'భక్త ప్రహ్లాద'లో హిరణ్యకశిపుడు. ఈ రెండవ చిత్రమున ఆయనకు ఎదురుగా నిలిచి వాదించినది బాలనటి రోజారమణి. పెద్ద నటుడు గొంతెత్తి చిన్నపిల్లను కప్పివేయుట సులభము. రంగారావుగారు అట్లు చేయలేదు. కొడుకుపై ప్రేమ ఒకవంక, అహంకారము మరియొకవంక లాగుచుండగా తండ్రి నలిగిపోవుటను చూపి, ప్రహ్లాదుని పలుకులు మనకు స్పష్టముగ వినబడునట్లు చేసిరి. ఎదుటివాని మాటను శ్రద్ధగా వినుట నటనలో సగము.

ఇక మొదట మేము విడిచిన ప్రశ్నకు వత్తము. ఇంటి భాష ఒకటి, వీధి భాష మరియొకటి అయిన ఆ బాలునికి రెండవ భాష ఏమైనది?

ఆ దినములలో మదరాసునందు పెక్కు చిత్రములను తెలుగునను తమిళమునను రెండింట నిర్మించెడివారు. 'మాయాబజారు' అట్టిదే. తెలుగున అభిమన్యుడు నాగేశ్వరరావుగారు. తమిళమున జెమినీ గణేశన్‌గారు. ఘటోత్కచుడు మాత్రము రెండింటను రంగారావుగారే. 'మిస్సమ్మ' తెలుగున నాయకుడు తారకరామారావుగారు. తమిళమున జెమినీ గణేశన్‌గారు. జమీందారు రెండింటను రంగారావుగారే. 1960లో తమిళమున 'పడిక్కాద మేదై' వచ్చెను. అందు శివాజీ గణేశన్‌గారు. దానినే 1962లో తెలుగున 'ఆత్మబంధువు'గా తీసినప్పుడు తారకరామారావుగారు వచ్చిరి. ఆ ఇంటి పెద్ద మాత్రము మారలేదు. 1963లో తమిళమున వచ్చిన 'నానుమ్ ఒరు పెణ్', 1964లో హిందీయందు వచ్చిన 'మై భీ లడ్‌కీ హూఁ', 1965లో తెలుగున వచ్చిన 'నాదీ ఆడజన్మే' ఒకే కథ. నల్లని వన్నె గల కోడలొకతె అత్తవారింట ఆదరము కొరకు పడిన తపన ఆ కథ. మూడు భాషలలో నాయకులు మువ్వురు. ఆ ఇంటి జమీందారు ఒక్కరే, రంగారావుగారు.

విద్యార్థులారా, ఈ వరుసను మరల ఒకసారి చదువుడు. భాష మారినప్పుడెల్ల నాయకుడు మారెను. ప్రక్కపాత్ర యని మనమనుకొనునది ధరించినవాడు మాత్రము ఒడ్డునుండి ఒడ్డునకు వంతెనవలె నిలిచెను. చిన్ననాడు మదరాసు వీధులలో చెవినిబడిన భాష పెద్దనాడు ఆయనకు అన్నము పెట్టినది, కీర్తిని తెచ్చినది. అట్లని ఆయన తెలుగు తగ్గలేదు. తెలుగు పలుకుబడికి ఆయన గొంతునే నేటికిని ప్రమాణముగ చూపుదురు. రెండు భాషలు ఒకే యింట అక్కచెల్లెండ్రవలె నుండగలవు. కన్నడ పాఠమును శ్రద్ధగా చదువుకొన్నచో తెలుగు తరిగిపోవునని గాని, తెలుగు మాధ్యమమున చదివినచో కన్నడ దేశమున బ్రతుకులేదని గాని భయపడు తల్లిదండ్రులు ఈ సంగతిని ఆలోచింపవలెనని మా ప్రార్థన.

నటనతో తృప్తిపడక రంగారావుగారు దర్శకత్వము గూడ వహించి 1967లో 'చదరంగం', 1968లో 'బాంధవ్యాలు' అను చిత్రములను తీసిరి. 'బాంధవ్యాలు' ఆ యేటి ఉత్తమ చిత్రముగా ఆంధ్రప్రదేశ ప్రభుత్వపు బంగారు నందిని పొందినది. పత్రికలలో కథలు గూడ వ్రాసిరి. దాసరి నారాయణరావుగారి తొలి చిత్రమగు 'తాత మనవడు'లో, కొడుకు నిరాదరించిన వృద్ధ తండ్రిగా వారు నటించినప్పుడు, ఒకనాడు తెచ్చిపెట్టుకొన్న ముసలితనము నిజముగా దగ్గరకు వచ్చుచుండెను. కాని అది పూర్తిగా రాలేదు. 1974 జూలై 18వ తేదీన, ఏబదియారేండ్లు నిండిన పదునైదు దినములకే, గుండెపోటుచేత మదరాసులో వారు పరమపదించిరి.

వారు జీవించియుండగా పద్మ పురస్కారములలో ఏదియు వారికి లభింపలేదు. ప్రజలు మాత్రము విశ్వనట చక్రవర్తియని పిలుచుకొనిరి. భారతీయ చలనచిత్రమునకు నూరేండ్లు నిండిన సందర్భమున 2013లో తపాలా శాఖ విడుదల చేసిన బిళ్లలలో వారి చిత్రముతో ఒకటి వెలువడినది. 'మాయాబజారు' 2010లో రంగులు దిద్దుకొని మరల వెండితెరకెక్కినపుడు, వారు పోయిన తరువాత పుట్టిపెరిగిన పిల్లలు ఘటోత్కచుని చూచి కేరింతలు కొట్టిరి.

మేము పొరుగు రాష్ట్రమగు ఆంధ్రప్రదేశమున ఉపాధ్యాయ శిక్షణ పొందుచున్నప్పుడు మా గురువొకరు ఒక అభ్యాసము చేయించెడివారు. "ఇటు రా" అను రెండు మాటలను తల్లిగా, ఉపాధ్యాయునిగా, పగవానిగా, రోగిగా పలుకవలెను. మాటలవే, మనిషి మారవలెను. ఈ సెలవులలో మన విద్యార్థులు రంగారావుగారి చిత్రములను రెండింటిని, అనగా 'మాయాబజారు', 'నర్తనశాల' లను, పెద్దలతో కలిసి చూడవలెనని కోరుచున్నాము. చూచునపుడు నాలుగు సంగతులను గమనింపుడు: ఆయన నడక, మాటకు ముందటి మౌనము, ఎదుటివారు మాటలాడునపుడు ఆయన ముఖము, పదముల చివరి అక్షరము గూడ వినబడు స్పష్టత. పిదప "ఇటు రా" యని ఘటోత్కచునివలె ఒకసారి, కీచకునివలె ఒకసారి పలికి చూడుడు. భేదము మీ గొంతుకే తెలియును.

నాటిక సంగతి చెప్పి ముగింతుము. ఆ తొమ్మిదవ తరగతి బాలుడు విరాటరాజు వేషము వేసెను. తెల్లని మీసము అతికించుకొని, తన తాతగారి చేతికర్రను పట్టుకొని రంగస్థలమునకు వచ్చెను. కంకుభట్టుపై పాచికలు విసరి, ఆయన నుదుట నెత్తురు చూచి నిర్ఘాంతపోవు ఘట్టమున వానికి ఒక్క మాటయు లేదు. ఆ బాలుడు కర్రను మెల్లగా క్రిందికి దించి నిలబడెను. ఆ నిశ్శబ్దమున వెనుక వరుసలలోని చిన్నపిల్లల గొంతులు గూడ ఆగిపోయినవి. అతని తండ్రి మూడవ వరుసలో నుండెను. తిరిగి పోవునపుడు మా దగ్గరకు వచ్చి, "వచ్చే ఏడు కూడా వానికి ఇట్లాంటి వేషమే ఇయ్యండి సార్" అని చెప్పి వెడలిపోయెను.